ఉత్పన్నం కాదు

డ్రాయింగ్ మాస్టారి చావు ఉత్పన్నం కాదని ప్రభుత్వంవారు రాతపూర్వకంగా సెలవిచ్చారు. కింద ఆరోగ్య మంత్రిగారి సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. కాగితం మాత్రం మంచిదే. తెల్లగా, నున్నగా, వేలు పెడితే జారిపోయేలా ఉంది.

కండక్టరమ్మ దాన్ని ఒకసారి కూర్చుని చదివింది, ఇంకోసారి నిలబడి చదివింది. నిలబడి చదివినా అందులో మాట మారలేదు.

ఆవిడ శాసనసభ్యురాలు. సభలో "గౌరవ సభ్యురాలు" అంటారు గానీ ఊళ్ళో ఇప్పటికీ కండక్టరమ్మే. సగం జీవితం బస్సులో టిక్కెట్లు కొట్టింది. ఊరందరికీ టిక్కెట్టు ఇచ్చిన మనిషికి ఏ పార్టీవాడూ టిక్కెట్టు ఇవ్వలేదు, అందుకని ఇండిపెండెంటుగా నిలబడింది. రోజూ బస్సెక్కే జనమే కూడబలుక్కుని గెలిపించారు. గెలిచాక సభ్యుల భవనంలో మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే జనరేటరు పొగ, మూస్తే ఉక్క. బీరువా తలుపు ఎంత నెట్టినా పడదు, కుర్చీ ఆనిస్తేనే నిలబడుతుంది. ఉన్నవి రెండు కుర్చీలు కాబట్టి ఎవరైనా వస్తే బీరువా నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది.

ఆవిడ అడిగింది మూడు ముక్కలు. (ఎ) మా పట్టణ ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు ఇచ్చిన మాట వాస్తవమేనా? (బి) ప్రస్తుతం అవి ఏ స్థితిలో ఉన్నాయి? (సి) అక్కడ చికిత్స అందక ఎవరైనా మరణించారా, అయితే ఆ వివరాలేమిటి? జవాబూ మూడు ముక్కలే. (ఎ) అవునండీ. (బి) అన్నీ మంచి స్థితిలో ఉన్నాయి. (సి) పై జవాబుల దృష్ట్యా ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

మంచి స్థితిలో ఉన్నాయట! ఎందుకుండవూ? కట్టని చీర మాసిపోతుందా?

ఆ యంత్రాలు వచ్చి రెండేళ్ళు దాటింది. మంత్రిగారే వచ్చి రిబ్బను కత్తిరించి, ఇక ఈ ఊరివాళ్ళు నగరానికి పోనక్కర్లేదని మైకులో చెప్పి వెళ్ళారు. అయితే మనిషి రక్తం కడిగే యంత్రానికి ముందు కడిగిన నీళ్ళు కావాలి. కొళాయి నీళ్ళు పనికిరావు, వాటిని శుద్ధి చేసే ప్లాంటు వేరే పెట్టాలి. అది పెట్టాల్సింది మీరంటే మీరని ఆరోగ్య శాఖా నీటి శాఖా అప్పట్నుంచీ ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నాయి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, దాతలెవరో పెట్టిస్తామని ముందుకొస్తే ప్రభుత్వ భవనంలో బయటివాళ్ళు పైపు వేయకూడదన్నారు. యంత్రాలు ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని పడుకున్నాయి. వాన పడిన రోజున నర్సులు ఆ గదిలో గొడుగులు ఆరేసుకుంటారు.

ఊళ్ళో కిడ్నీలు పోయినవాళ్ళంతా వారానికి మూడుసార్లు తెల్లవారుజాము బస్సెక్కి నగరానికి పోవాలి. అది కండక్టరమ్మ పాత బస్సే. అందులో ముందు నుంచి రెండో సీటులో ఇద్దరు కూర్చునేవారు. ఒకడు ఆవిడ తమ్ముడు, టైలరు. పక్కనాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. చిన్నప్పుడు తమ్ముడికి బొమ్మలు నేర్పబోయి, "నీ చేతికి కుంచె కంటే కత్తెర నయంరా" అని తేల్చేసింది ఈయనే. ఇద్దరికీ నీళ్ళు కొలిచి తాగాల్సిన జబ్బు. బస్సులో ఎవడైనా సీసా ఎత్తి గటగటా తాగుతుంటే ఇద్దరూ కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. "మీ అక్క అక్కడ ప్రశ్నలు అడుగుతోంది, మనం ఇక్కడ నీళ్ళు అడుగుతున్నాం. ఎవరికీ చుక్క రాలడం లేదురా," అనేవాడు మాస్టారు.

ఒకరోజు బస్సు రాలేదు. చెడిపోయిందన్నారు. తమ్ముడు దారిన పోయే లారీ ఒకటి ఆపాడు. ఆ మెట్టు మీదికి కాలెత్తే ఓపిక మాస్టారికి లేదు. ఎత్తబోతే వద్దన్నాడు. "నువ్వు పోరా, నేను రేపు వస్తాలే," అన్నాడు. మర్నాటికి ఊపిరితిత్తుల నిండా నీళ్ళు చేరి మాస్టారు పోయాడు. ఆసుపత్రి ఆయన ఇంటికి ఎదురు వీధిలోనే ఉంది.

అదీ ఉత్పన్నం కాని సంగతి.

కండక్టరమ్మ ఆ కాగితం తెచ్చి బల్ల మీద కొట్టింది. బల్లకు అవతల గుమాస్తా బాబాయి ఉన్నాడు. ఆయన ఆవిడకు చుట్టమేమీ కాదు. ఆరోగ్య శాఖలో సభ్యుల ప్రశ్నలకు జవాబులు రాసే సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే భార్య అడిగేవాటికి జవాబులు చెప్పలేక వచ్చి ఇక్కడ చేరాడు. కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివి, ఊరుకోవచ్చు కదా, "ఆహా!" అన్నాడు.

"ఏంటి బాబాయ్, ఆహా?"

"ఎక్కడా పట్టు దొరకదమ్మా. పాము చావలేదు, కర్ర విరగలేదు. నేను సెక్షన్లో పెట్టిన ఒరవడే ఇది. పిల్లలు మరిచిపోలేదు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మనిషి చచ్చిపోయాడు బాబాయ్! మీ ఒరవడి తగలెయ్య! మీరు ఇట్లాంటివి ఎన్ని రాశారో, వాటి కింద ఎంతమంది పడి ఉన్నారో ఎప్పుడైనా చూశారా?"

బాబాయి నొచ్చుకోలేదు. నొచ్చుకునే మనిషైతే ఆ సెక్షన్లో అన్నేళ్ళు ఉండేవాడు కాదు. "నువ్వు కోప్పడ్డావు సరే. అసలు ఇబ్బంది నీ ప్రశ్నలోనే ఉందమ్మా," అన్నాడు. "నువ్వు తిడుతూ అడుగుతావు. తిట్టే ప్రశ్న రాగానే సెక్షన్లో ఏం చేస్తారు? కింది ఆఫీసుకి పంపుతారు. వాళ్ళు ఇంకా కిందికి. ప్రతివాడూ తన మీదికి రాకుండా ఒక్కో మాట చెరుపుకుంటూ పైకి పంపుతాడు. చివరికి మంత్రి దగ్గరికి వచ్చేసరికి అందులో అబద్ధమూ ఉండదు, నిజమూ ఉండదు."

"మరి ఎట్లా అడగాలి?"

"పొగుడుతూ అడుగు. పొగిడే ప్రశ్నని ఎవరూ కిందికి పంపరు. మనవాళ్ళే ఎవరో అడిగించారనుకుని, మంత్రిగారి ప్రారంభోత్సవ ఉపన్యాసం ముందు పెట్టుకుని కుర్చీలోనే జవాబు రాసేస్తారు. అప్పుడు చెప్తారమ్మా అబద్ధం. చేత్తో పట్టుకోగలిగిన అబద్ధం."

"పట్టుకుని ఏం చేసుకోను?"

"సభకు రాతపూర్వకంగా అబద్ధం చెప్పిన మంత్రి లేచి నిలబడి తప్పు దిద్దుకోవాలి. అది నియమం. నా సర్వీసులో ఒక్కడే దిద్దుకున్నాడు. ఆ తర్వాత ఆయన మంత్రిగా లేడు. అబద్ధమాడానని ఒప్పుకోవడం కంటే ఆ అబద్ధాన్ని నిజం చేసుకోవడమే వాళ్ళకి తేలిక. ప్లాంటు వాళ్ళే పెడతారు, నువ్వు అడగనక్కర్లేదు."

ఆ ప్రశ్న రాయడం ఆవిడకు పురిటి నొప్పులంత పనైంది. తిట్టమంటే గుక్క తిప్పుకోకుండా తిట్టగలదు గానీ పొగడటం ఏనాడూ అలవాటు లేదు. "ప్రజల గుండెల్లో నిలిచిపోయిన" అని రాసి, ఛీ అని కొట్టేసింది. మళ్ళీ బాబాయి బతిమాలితే రాసింది. తీరా రాస్తుంటే కసి పుట్టింది. మునిగాక లోతెంతైతేనేం అనుకుని, ఎవరూ చెప్పకుండానే తనే ఒక ముక్క చేర్చింది. "ప్రారంభించిన నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆగకుండా, పట్టణ ప్రజలు మరెక్కడికీ వెళ్ళనవసరం లేకుండా ఈ కేంద్రం సేవలందిస్తున్న మాట వాస్తవమేనా? అయితే ఈ సేవలను ఇతర పట్టణాలకూ విస్తరిస్తారా?"

"ఒక్క రోజు కూడా ఆగకుండా! భేష్," అన్నాడు బాబాయి. "చెయ్యి తిరిగింది."

ప్రశ్న వేసిన మర్నాటి నుంచి ఆవిడ నడవాలో నడుస్తుంటే నవ్వులు ఎదురొచ్చాయి. ఎన్నడూ ముఖం చూడని అధికార పక్షం వాళ్ళు "బాగున్నారా" అన్నారు. మంత్రిగారు క్యాంటీన్లో తన పక్క కుర్చీ చూపించారు. కండక్టరమ్మ దారికొచ్చిందని, వచ్చే ఎన్నికల్లో వాళ్ళ టిక్కెట్టు మీదే నిలబడుతుందని, ఆవిడ వేసిన ప్రశ్నతో సహా పత్రికలో పడింది.

పత్రిక ఊరికి కూడా వెళ్తుంది కదా. ఆవిడ ఆదివారం ఇంటికెళ్ళేసరికి తమ్ముడు మిషన్ మీద పరదా గుడ్డ కుడుతూ తలెత్తలేదు. డయాలసిస్ చేయించుకుని వచ్చిన మర్నాడు మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. అయినా ఆ రోజు పెడల్ మాత్రం గట్టిగా తొక్కుతున్నాడు.

"ఒరేయ్, నీతోనే."

"ఒక్క రోజు కూడా ఆగకుండానా అక్కా?" అన్నాడు గుడ్డ మీంచి చూపు తిప్పకుండా. "మాస్టారు ఏ రోజున పోయాడో మరిచిపోయావా?"

"దానికో లెక్కుందిరా. కొంచెం ఓపిక పట్టు."

"నాకున్నదల్లా ఓపికే. నీళ్ళు కూడా లేవు." అని మళ్ళీ పెడల్ తొక్కాడు. ఆవిడ చెప్పులు వేసుకుని వచ్చేసింది. బస్టాండులో తనతో పనిచేసిన డ్రైవరు సైతం నమస్కారం పెట్టి, చప్పున స్టీరింగు వైపు తిరిగాడు. మంచి పని చేస్తూ మాట పడాల్సి రావడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

జవాబు అనుకున్నదానికంటే ముందే వచ్చింది, అనుకున్నదానికంటే తియ్యగా వచ్చింది. "(ఎ) అవునండీ. ప్రారంభించిన నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆగకుండా రోజుకు మూడు విడతలుగా సేవలందుతున్నాయి. పట్టణ ప్రజలు సంతృప్తి వ్యక్తం చేస్తున్నారు. (బి) విస్తరణ ప్రతిపాదన పరిశీలనలో ఉంది." సంతకం, ముద్ర, అదే నున్నటి కాగితం. మూడు విడతలట! సంతృప్తట! ఆ సంతృప్తి వ్యక్తం చేసిన మహానుభావుడెవడో ఒక్కడిని చూపిస్తే ఆవిడ వాడి కాళ్ళు కడిగేది.

మర్నాడే సభాపతికి విన్నపం పెట్టింది. ఇంత గొప్ప కేంద్రాన్ని సభ్యులంతా చూసి నేర్చుకోవలసి ఉంది గనక, అన్ని పక్షాల నుంచి కొందరిని అక్కడికి పంపవలసిందని. కాదనడానికి ఏముంది? సభాపతి సంతోషించి తేదీ వేశారు. ఆ మాట సభలో చదువుతుంటే ఆరోగ్య మంత్రిగారు మొదట చిరునవ్వు నవ్వారు. వెనక నుంచి ఒక అధికారి వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాత మంత్రిగారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

ఇక చూడాలి ఆ హడావిడి! రెండేళ్ళు కదలని ఫైలు రెండు పూటల్లో కదిలింది. ఏ శాఖ పెట్టాలన్న గొడవే లేదు, రెండు శాఖల లారీలూ పోటీపడి వచ్చాయి. పైపులు దిగాయి, స్టీలు ట్యాంకులు దిగాయి, వెల్డింగు మెరుపులకు వార్డులోని రోగులు కళ్ళు మూసుకున్నారు. నగరం నుంచి టెక్నీషియన్లని జీపులో ఎక్కించుకొచ్చారు. గోడలకి సున్నం, గుమ్మానికి కొత్త బోర్డు, బోర్డు మీద పాత తేదీ. గొడుగులు మాయమయ్యాయి. పది రోజులు తిరక్కుండా కొళాయి తిప్పితే శుద్ధమైన నీళ్ళు వచ్చాయి.

సభ్యులు వచ్చిన రోజున మంత్రిగారే దగ్గరుండి చూపించారు. మొదటి మంచం మీద కండక్టరమ్మ తమ్ముడున్నాడు. చేతి నుంచి రెండు గొట్టాలు, ఎర్రగా, పక్కనున్న యంత్రంలోకి పోయి వస్తున్నాయి. అతను అక్కని చూసి నవ్వబోయాడు గానీ కెమెరాలు ముందుకు రావడంతో ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ళు కాస్త జరిగాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, కొళాయి బిగించడానికి ఇంతేనా పట్టేది?"

సంతోషించాల్సిన రోజే. తమ్ముడు ఇక తెల్లవారుజామున చలిలో నిలబడక్కర్లేదు, మధ్యాహ్నానికి ఇంటికి నడిచి పోవచ్చు. కానీ ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఇంతే పట్టేదట. వీళ్ళకు చేతకాదని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. చేతనవునని తెలిశాకే అసలు కోపం వచ్చింది. చేతనయ్యీ చేయలేదు. తమ కుర్చీ కాళ్ళు కదిలేదాకా పక్కవాడి ఊపిరి వినపడలేదు వీళ్ళకి.

అందుకే ఊరుకోలేక మళ్ళీ ప్రశ్న వేసింది. ఈసారి ఒకే ముక్క. ఈ ప్లాంటు పెట్టకముందు, చికిత్స అందక మా పట్టణంలో డ్రాయింగ్ మాస్టారు మరణించిన మాట వాస్తవమేనా? మాస్టారి భార్య అడిగింది, ప్రభుత్వం నోటితో ఆ ఒక్క మాట అనిపించమని. ఆవిడకు వేరే ఏమీ అక్కర్లేదు.

జవాబు వచ్చింది. "గౌరవ సభ్యురాలి గత ప్రశ్నకు ఇచ్చిన జవాబులో తెలిపినట్లు, ఈ కేంద్రం ప్రారంభించిన నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆగకుండా పనిచేస్తున్నది. కాబట్టి ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఆ వాక్యం ఎవరిది? ఎవరూ అడక్కుండా తన కసికొద్దీ తను చేర్చిన ముక్కే. వాళ్ళు దాన్ని పదిలంగా దాచుకుని, తిరిగి ఆవిడ మొహానే కొట్టారు.

దాన్ని పట్టుకుని ఆవిడే మాస్టారి ఇంటికి వెళ్ళింది. పంపించేయొచ్చు గానీ మనసొప్పలేదు. ముందుగదిలో గోడ నిండా మాస్టారు వేసిన బొమ్మలున్నాయి. బస్సులో నిద్రపోయేవాళ్ళు, టిక్కెట్టు పళ్ళ మధ్య పెట్టుకుని చిల్లర వెతికేవాళ్ళు, ఒక మూల కండక్టరమ్మ కూడా. మాస్టారమ్మ కాగితం దూరంగా పట్టుకుని చదివింది.

"అంటే ఎదురు వీధిలో వైద్యం ఉండగానే ఈయన వెళ్ళలేదన్నమాట," అంది నెమ్మదిగా. "ఒంటి మీద ధ్యాస లేక, మొండికేసి పోయాడన్నమాట."

"అది కాదమ్మా."

"ఇందులో అదే రాసి ఉంది తల్లీ. రేపు మా మనవలు చదివితే ఇదే అనుకుంటారు." కాగితం మడిచి తిరిగి ఆవిడ చేతిలో పెట్టేసింది. "ఇది మా ఇంట్లో వద్దు. నువ్వే ఉంచుకో."

ఆ మాటకు కండక్టరమ్మ తల దించుకుంది. బస్సులో ఎంతమంది ఎన్ని మాటలన్నా దించని తల అది.

గదికి వచ్చి, జరిగింది బాబాయికి చెప్పింది. సభలో లేచి నిజం చెప్పేస్తానంది. బాబాయి మొదటిసారి కంగారుపడ్డాడు.

"వద్దమ్మా. వాళ్ళ జవాబు అబద్ధమంటే నీ ప్రశ్న కూడా అబద్ధమే అవుతుంది. తెలిసీ సభను తప్పుదారి పట్టించావని నిన్నే సస్పెండ్ చేస్తారు. మిషన్లు తిరుగుతున్నాయి కదా! పోయినాయన ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళ సంగతి చూసుకో."

"ఉన్నవాళ్ళలో ఆవిడ లేదా బాబాయ్?"

అని ఆవిడ ఫోను తీసి తమ్ముడికి చేసింది. "ఒరేయ్, నేను నోరు తెరిస్తే వాళ్ళు కక్షగట్టి ఏమైనా చేయొచ్చు. ముందు నీ డయాలసిస్ మీదే పడొచ్చు. చెప్పు, ఏం చెయ్యమంటావ్?"

అవతల కాసేపు కుట్టు మిషన్ చప్పుడు వినిపించి ఆగిపోయింది. "ఆ రోజు లారీ ఎక్కింది నేనక్కా," అన్నాడు తమ్ముడు. "చెప్పెయ్. మాస్టారమ్మని నేను వెంటబెట్టుకుని వస్తా."

సమావేశాల చివరి రోజు. చాలామంది ఇళ్ళకు పోయే తొందరలో ఉన్నారు. పైన సందర్శకుల గ్యాలరీలో తమ్ముడు, పక్కన మాస్టారమ్మ కూర్చున్నారు. కింద సభ మధ్యలో బల్ల దగ్గర ఇద్దరు లఘులేఖకులు, అన్న మాట అన్నట్టు రాసేవాళ్ళు, తల వంచుకుని రాస్తున్నారు. కండక్టరమ్మ లేచింది.

"అధ్యక్షా, ఈ సభ రికార్డుల్లో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి నాది. మా ఊరి డయాలసిస్ కేంద్రం ఒక్క రోజు కూడా ఆగలేదని నేను ప్రశ్నలో రాశాను. అది అబద్ధమని తెలిసే రాశాను. అది రెండేళ్ళు ఒక్క రోజు కూడా నడవలేదు. రెండోది మంత్రిగారిది. అవునండీ అని జవాబిచ్చారు. నా అబద్ధం నేను వెనక్కి తీసుకుంటున్నాను. దానికి మీరు ఏ శిక్ష వేసినా సరే. మంత్రిగారు కూడా తమది తీసుకోవాలి. ఎందుకంటే ఆ రెండు అబద్ధాల మధ్య ఒక మనిషి చావు నలిగిపోయింది."

అధికార పక్షం వైపు నుంచి ఒక్కసారిగా కేకలు లేచాయి. మోసం అన్నారు, సభకు అవమానం అన్నారు, బయటికి పంపమన్నారు. రెండేళ్ళ మోసానికి లేవని గొంతులన్నీ అప్పుడు లేచాయి. మంత్రిగారు వెనకనుంచి వచ్చిన చీటీ అందుకుని, దొరికిందిరా దారి అన్నట్టు లేచారు.

"అధ్యక్షా, సభ్యురాలు తన ప్రశ్నే తప్పని ఒప్పుకున్నారు. ప్రశ్నే లేనప్పుడు దానికి ఇచ్చిన జవాబును దిద్దవలసిన అవసరం ఉత్పన్నం కాదు." అని కూర్చున్నారు. బల్లలు చరిచారు.

ఆ చప్పుడు ఇంకా ఆగకముందే పైన గ్యాలరీలో మాస్టారమ్మ లేచి నిలబడింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ బల్లలు ఆగిన ఆ క్షణంలో ఆవిడ మాట కిందిదాకా వినిపించింది.

"మా ఆయన చనిపోయాడు బాబూ. బస్సు రాక, ఊళ్ళో మిషన్‌కి నీళ్ళు లేక చనిపోయాడు. రాసుకోండి."

గ్యాలరీలో నోరెత్తకూడదు. కాపలావాళ్ళు ఇద్దరు మెట్లు దిగుతూ వచ్చారు. తమ్ముడు ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు. కింద లఘులేఖకులిద్దరూ కలాలు ఎత్తి పట్టుకుని సభాపతి వైపు చూశారు.

"గ్యాలరీ నుంచి వచ్చిన మాటలు రికార్డు చేయనవసరం లేదు," అన్నారు సభాపతి. "ఆమెను బయటికి తీసుకువెళ్ళండి."

"అధ్యక్షా!" అంది కండక్టరమ్మ. బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు వెనక మెట్టు మీద వేలాడేవాడికి కూడా వినపడేలా అరిచే గొంతు అది. మైకు కట్ చేసినా దానికి లెక్కలేదు. కాపలావాళ్ళు కూడా ఆగిపోయారు. "గ్యాలరీ మాట రాయకూడదు, ఒప్పుకున్నాను. సభ్యుల మాట రాయాలి కదా? నేను సభ్యురాలిని. మీరు నన్ను బయటికి పంపేదాకా సభ్యురాలినే."

లఘులేఖకుల బల్ల వైపు తిరిగింది. టిక్కెట్టు మీద ఊరి పేరు చెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"మా ఊరి డ్రాయింగ్ మాస్టారు చనిపోయారు. బస్సు రాక, ఊళ్ళో మిషన్‌కి నీళ్ళు లేక చనిపోయారు. రాసుకోండి."

లఘులేఖకులిద్దరూ తల వంచి రాసుకున్నారు.